అన్నా పావ్లోవా సంతకం ఉన్న పాత ఫోటో: అసలో నకలో తేల్చుకోవడం, మన సీమ ఎండల్లో కాపాడుకోవడం

సంతకం ఉన్న పాత ఫోటో చేతికొస్తే ముందుగా దాన్ని లామినేషన్‌కు ఇవ్వకండి. కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊళ్ళో అయినా జిరాక్సు అంగడికి పోతే రెండు నిమిషాల్లో వేడి రోలర్ల మధ్య దూర్చి ప్లాస్టిక్ పొర వేసి ఇస్తారు. వేడికి కరిగిన జిగురు ఫోటో మీది జెలటిన్ పొరనూ (బొమ్మను పట్టి ఉంచే సన్నటి పొర) సిరానూ పట్టేసుకుంటుంది. తర్వాత దాన్ని ఊడదీస్తే సంతకం ప్లాస్టిక్‌తో పాటే వచ్చేస్తుంది. ఫ్రేము అంగడికి పోవడం కూడా ఇప్పుడే వద్దు. ముందు అది ఏ రకం ఫోటోనో, సంతకం నిజంగా చేత్తో పెట్టిందేనో తేలాలి.

ఇక్కడ చెప్పేదంతా రష్యన్ బాలే నర్తకి అన్నా పావ్లోవా ఫోటోను దృష్టిలో పెట్టుకుని రాసింది. అయితే పరీక్షలూ జాగ్రత్తలూ ఆ కాలపు ఏ సంతకం ఫోటోకైనా వర్తిస్తాయి. మీ ఇంట్లో తాతల కాలపు నాటక సమాజం నటుల సంతకం ఫోటోలు ఉంటే వాటికీ అంతే.

ముందు ఆమె గురించి కొన్ని తేదీలు కావాలి, ఎందుకంటే నకిలీలు ఎక్కువగా తేదీల దగ్గరే దొరికిపోతాయి. పావ్లోవా 1881 ఫిబ్రవరి 12న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. 1899లో ఇంపీరియల్ బాలే పాఠశాలలో చదువు ముగించి మారిన్స్కీ రంగశాలలో చేరారు. 1906లో అక్కడ ప్రధాన నర్తకి అయ్యారు. 1910లో న్యూయార్క్, లండన్ నగరాల్లో మొదటిసారి ఆడారు. 1912లో లండన్‌లో ఐవీ హౌస్ అనే ఇల్లు తీసుకున్నారు. 1931 జనవరి 23న హేగ్ నగరంలో పోయారు. మన దేశానికి రెండుసార్లు, 1920ల మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వచ్చారు. 1923లో మన నర్తకుడు ఉదయ్ శంకర్‌తో కలిసి రాధాకృష్ణుల నృత్యం చేశారు. 1928లో బొంబాయిలో ఆమె నాట్యం చూసిన, దివ్యజ్ఞాన సమాజానికి (థియోసాఫికల్ సొసైటీ) చెందిన రుక్మిణీదేవి అరండేల్, తర్వాత ఆస్ట్రేలియా పోయే ఓడలో ఆమెకు దగ్గరై, ఆ ప్రోత్సాహంతోనే నాట్యం వైపు తిరిగారు. కాబట్టి మదనపల్లె చుట్టుపక్కల దివ్యజ్ఞాన సమాజంతో సంబంధం ఉన్న పాత కుటుంబాల్లో ఇలాంటి ఫోటో కనిపిస్తే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. అలాగని అది అసలుదే అని కూడా అనుకోవద్దు.

కాగితం చెప్పే సంగతులు

పరీక్షకు నాలుగు వస్తువులు చాలు: 10 రెట్లు పెద్దగా చూపే లూప్, 365 నానోమీటర్ల యూవీ టార్చి, మామూలు టేబుల్ లైటు, పౌడరు లేని నైట్రైల్ చేతి తొడుగులు. లూప్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వాళ్ళు వాడేదే సరిపోతుంది. యూవీ టార్చి కొనేటప్పుడు మాత్రం నంబరు చూడండి. దొంగనోట్లు పట్టే చవక టార్చీలు చాలావరకు 395 నానోమీటర్లవి. వాటి ఊదా వెలుతురే కాగితం మీద పరుచుకుని, కాగితం నిజంగా మెరుస్తోందో లేదో తెలియనివ్వదు. నూలు గుడ్డ తొడుగులు కూడా వద్దు. వాటి పోగులు చిట్లిన అంచులకు తగులుకుంటాయి, ఫోటో పట్టు జారుతుంది.

మొదట లూప్‌తో బొమ్మ చూడండి. అసలు ఫోటోలో నలుపు నుంచి తెలుపుకు రంగు జారుతున్నట్టు సాగిపోతుంది. వరసగా చుక్కలు కనబడితే అది ప్రెస్సులో అచ్చయిన బొమ్మ, పాత పత్రిక నుంచో ప్రోగ్రాం పుస్తకం నుంచో కత్తిరించింది. అచ్చుబొమ్మ మీద కూడా నిజమైన సంతకం ఉండొచ్చు, కానీ దాన్ని ఫోటో పేరుతో, ఫోటో ధరకు అమ్మడం మోసమే.

తర్వాత గది తలుపులు మూసి చీకటి చేసి యూవీ టార్చి వేయండి. పక్కన ఇప్పటి ఆఫీసు తెల్ల కాగితం ఒకటి పెట్టుకోండి, అది నీలంగా మెరుస్తుంది. బట్టల సబ్బు పొడిలో తెల్లదనానికి వేసే రసాయనం లాంటిదే 1950ల నుంచి ఫోటో కాగితాల్లోనూ కలపసాగారు. 1931లో పోయిన మనిషి సంతకం పెట్టిన ఫోటో కాగితం అలా మెరిస్తే, ఆ కాగితం ఆమె తదనంతరం తయారైంది. ఇక మిగతా పరీక్షలు అక్కర్లేదు. కానీ మెరవకపోతే పాతదని తేలినట్టు కాదు, ఆ రసాయనం లేని కాగితాలు తర్వాత కూడా వచ్చాయి. వెనకా ముందూ రెండు వైపులా చూడండి. ఎవరో తర్వాత అంటించిన అట్ట మెరిసినా, ఫోటో మెరవకపోవచ్చు.

టేబుల్ లైటును పక్కగా, దాదాపు బల్ల ఎత్తున పెట్టి ఫోటోను కొంచెం వాల్చి చూడండి. ఆ కాలపు వెండి జెలటిన్ ఫోటోల్లో అంచుల దగ్గర, నల్లటి భాగాల మీద నీలి వెండి మెరుపు కనిపిస్తుంది. గాలిలోని తేమకూ కాలుష్యానికీ బొమ్మలోని వెండి పైకి వచ్చి పేరుకోవడం వల్ల అలా అవుతుంది. దాన్ని మకిలి అనుకుని తుడవకండి. ఫోటో వయసుకు అదొక మంచి సాక్ష్యం, దాన్ని నమ్మించేలా నకిలీ చేయడం చాలా కష్టం.

కొలత కూడా చూసుకోండి. ప్రెస్సులో అచ్చు కాకుండా ఫోటో కాగితం మీదే తీసిన పోస్టుకార్డు సుమారు 9 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. ఎత్తు ఉంటుంది. మందపాటి అట్టకు అంటించిన క్యాబినెట్ కార్డు సుమారు 11 బై 16.5 సెం.మీ. పోస్టుకార్డు వెనక చిరునామాకూ సమాచారానికీ మధ్య గీత ఉందా చూడండి. ఆ పద్ధతి బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో మొదలైంది. మధ్యగీత ఉన్న అమెరికా కార్డు మీద 1904 అని రాసి ఉంటే అది తర్వాత రాసిందే. ఫోటో తీసిన స్టూడియో పేరు అడుగున ఉబ్బెత్తుగానో వెనక ముద్రగానో ఉంటుంది. న్యూయార్క్ మిష్కిన్, లండన్ లఫాయెట్, ఫౌల్షమ్ అండ్ బాన్‌ఫీల్డ్ లాంటి స్టూడియోలు, ఆర్నల్డ్ జెంతే, ఇ.ఓ. హోపే వంటి ఫోటోగ్రాఫర్లు ఆమెను తీశారు. పాత కార్డుల మీద అచ్చయిన పేరులో 'వి' బదులు జర్మన్ పద్ధతిలో 'డబ్ల్యూ' ఉండొచ్చు, దాన్ని చూసి కంగారు పడొద్దు.

సంతకం

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అమ్మేవాడు చూపే పత్రం కన్నా మీ లూప్‌ను నమ్మండి.

మొదట అది సిరానా, బొమ్మలో భాగమా అని చూడాలి. నెగెటివ్ మీదే సంతకం రాసి, దాని నుంచి వందల కాపీలు తీసేవాళ్ళు. అవి అభిమానులకు అమ్మేవి, అందరి దగ్గరా ఒకే సంతకం ఒకే చోట ఉంటుంది. ఫోటోను వాల్చి చూస్తే అలాంటి సంతకానికి విడిగా మెరుపు ఉండదు, బొమ్మ ఎంత మెరుస్తుందో అదీ అంతే మెరుస్తుంది. తెల్లటి సంతకం అయితే ముందుగా ఈ అనుమానమే పడాలి. చేత్తో పెట్టిన సిరా సంతకం నునుపైన జెలటిన్ మీద కొంచెం ఎత్తుగానో, వేరే మెరుపుతోనో నిలుస్తుంది. గీత మొదట్లోనూ చివర్లోనూ సిరా చేరి చిక్కగా ఉంటుంది, రెండు గీతలు దాటుకున్నచోట ఇంకా చిక్కబడుతుంది. సిరాలో ముంచి రాసే పాళీ ఒత్తిడికి రెండుగా చీలి, కిందికి లాగిన గీత లావుగా, పైకి లేపిన గీత సన్నగా వస్తుంది. రబ్బరు స్టాంపు సంతకంలో ఈ తేడాలు ఉండవు, అంచుల్లో సిరా పిండినట్టు గట్టు కడుతుంది.

తర్వాత పెన్ను. బాల్‌పెన్ను సామాన్యులకు అంగట్లో దొరికింది 1945 చివర్లో. దాని గీత మధ్య సన్నటి కాలువ, మలుపుల్లో జిగట సిరా చుక్కలు లూప్‌లో స్పష్టంగా కనిపిస్తాయి. పావ్లోవా ఫోటో మీద బాల్‌పెన్ను సంతకం ఉంటే ఆలోచించేదేమీ లేదు, పక్కన పెట్టేయండి. స్కెచ్‌పెన్ను అయితే ఇంకా తర్వాతది.

మూడోది, మా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది: సిరా, పగులు ఏది ముందు? పాత ఫోటోలో జెలటిన్ పగుళ్ళో, అట్ట విరుపులో ఉంటాయి. సంతకం గీత పగులును దాటేచోట లూప్ పెట్టండి. ముందు సంతకం పెట్టి తర్వాత పగిలితే గీత ఆ పగులు దగ్గర తెగి ఉంటుంది, పగులు లోపల తెల్లగానే ఉంటుంది. ముందు పగిలి తర్వాత సంతకం పెడితే సిరా పగులులోకి దిగి పక్కలకు పాకి ఉంటుంది. పాత ఖాళీ ఫోటో కొని దాని మీద కొత్తగా సంతకం పెట్టే మోసం కాగితం పరీక్షలన్నీ దాటుతుంది కానీ దీనికి దొరికిపోతుంది.

చివరిగా తేదీ, దుస్తులు. సంతకం పక్కన సంవత్సరం రాసి ఉంటే, ఫోటోలో ఆమె వేసుకున్న వేషం ఆ ఏటికి పుట్టిందా అని చూడండి. రాధ వేషంలో ఉన్న ఫోటో మీద 1915 అని ఉంటే అది అబద్ధం, ఆ నృత్యం వచ్చింది 1923లో. ఆమెకు పేరు తెచ్చిన 'మరణించే హంస' నృత్యం వేషం, ఈకల తలపాగాతో ఉన్న ఫోటోలు మాత్రం ఆమె జీవితంలో ఎక్కువ కాలం వచ్చాయి, కాబట్టి వాటితో తేదీ తేలదు. అక్షరాల పోలిక చివర్లో పెట్టుకోండి. పెద్ద వేలం సంస్థలు ఇంతకు ముందు అమ్మిన సంతకాలను కనీసం పదిహేను ఇరవై పక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో చూడాలి. రూపం కలవడం కన్నా వేగం కలవడం ముఖ్యం. నకలు రాసేవాడి గీత నెమ్మదిగా పోయి సన్నగా వణుకుతుంది.

ఈ నాలుగూ దాటిన ఫోటోను కూడా "అసలుదే" అని మీరు చెప్పేయకండి. "తప్పు ఏదీ దొరకలేదు" అనడం న్యాయం. ఎవరి నుంచి వచ్చింది, దానితో ఉత్తరం, కవరు, ప్రోగ్రాం కాగితం ఏమైనా ఉన్నాయా అన్నది అడిగి రాసిపెట్టుకోండి. వాటిని ఫోటో నుంచి విడదీసి పారేస్తే సగం సాక్ష్యం పోయినట్టే.

మన వాతావరణంలో ఏం జరుగుతుంది

పాత ఫోటోలకు గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య, పెద్దగా మారకుండా ఉండాలి. మన దగ్గర చిక్కు ఆ మార్పుతోనే. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 42 డిగ్రీల ఎండకు తేమ అడుగంటుతుంది. జెలటిన్ ఎండి బిగుసుకుని, కాగితం ఎండకు లేచిన అప్పడంలా వంగుతుంది. వంగినదాన్ని చేత్తో చదును చేయబోతే పగుళ్ళు పడతాయి, సంతకం ఉన్నచోటే పడితే సిరా పెళ్ళగా లేస్తుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో అదే జెలటిన్ తేమ పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది, అద్దానికో ప్లాస్టిక్‌కో తాకుతుంటే అంటుకుపోతుంది.

దీని మధ్యలో ఒక ప్రమాదాన్ని చాలామంది గమనించరు: నీళ్ళ కూలరు. వేసవి పొడిగా ఉంటుంది కదా, ఫోటోకు తేమ భయం లేదనుకుంటాం. కూలరు పెట్టిన గదిలో మాత్రం రాత్రంతా తేమ పైకి ఎగబాకి, పొద్దున ఆపగానే పడిపోతుంది. వానాకాలంలో నెలల మీద జరిగే మార్పు అక్కడ రోజూ జరుగుతుంది. కూలరు ఉన్న గదిలో, దాని గాలి పోయే దారిలో ఈ ఫోటో ఉండకూడదు.

ఇంట్లో చోటు ఎంచుకోవడం ఇలా. పడమటి ఎండ పడే గోడ వద్దు, మిద్దె కిందే ఉన్న అటక వద్దు, వంటగదికి ఆనుకున్న గది వద్దు. బయటి గోడలో కడప బండలు వేసి కట్టిన గూళ్ళు పాత ఇళ్ళలో బాగుంటాయి కానీ, ఆ బండ గోడ వేడినీ వానకు గోడ పట్టిన తేమనీ లోపలికి తెస్తుంది. ఇంటి మధ్య గదిలో, లోపలి గోడకు రెండు అంగుళాలు ఎడంగా పెట్టిన స్టీలు బీరువా మధ్య అర అన్నిటికన్నా మేలు. కింది అర చెదలకూ వరదకూ దగ్గర. 2009 అక్టోబరులో కర్నూలు నగరం మునిగినప్పుడు కింది అంతస్తుల్లోని కాగితాలే ముందు పోయాయి. తుంగభద్ర ఒడ్డున ఉన్నవాళ్ళు పై అంతస్తు ఎంచుకోండి. ఇంటికి కొత్తగా ఎనామిల్ రంగు వేయిస్తే ఫోటోను ఆరు వారాలు వేరే ఇంట్లో ఉంచండి. ఆరుతున్న రంగు నుంచి వచ్చే ఆవిర్లు వెండిని తింటాయి, బొమ్మ మీద ఎర్రటి చిన్న మచ్చలు పడతాయి.

పురుగులకు కలరా ఉండలు వేయొద్దు, వాటి ఆవిరి ఫోటో మీద చేరుతుంది, కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. వేపాకు ఎండేదాకా తేమ వదులుతుంది, మరక చేస్తుంది. కడప బ్రౌన్ గ్రంథాలయంలో ఉన్నలాంటి తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాయడం మన వాళ్ళకు తెలిసిన పద్ధతే, ఆకుకు అది మంచిది. ఫోటోకు మాత్రం నూనె చుక్క తగలకూడదు, జెలటిన్ మీద అది పోని మరక. పురుగు రాకుండా కావలసింది శుభ్రమైన బీరువా, మూత గట్టిగా పట్టే పెట్టె, అంతే.

తుడవడం, భద్రపరచడం

దుమ్ముకు కెమెరా అద్దాలకు వాడే రబ్బరు బల్బు ఊదుడు, ఆపైన మెత్తటి వెడల్పు కుంచె. కుంచెను మధ్య నుంచి అంచుకు ఒకే వైపు నడపండి, సంతకానికి ఒక సెంటీమీటరు ఇవతలే ఆపేయండి. తడిగుడ్డ, స్పిరిట్, కళ్ళద్దాల ద్రావకం ఏవీ వద్దు. ఆ కాలపు ఊదా, నీలి సిరాలు ఎక్కువగా నీళ్ళకు కరిగే రంగులు.

పెట్టడానికి పారదర్శకమైన పాలిస్టర్ కవరు మంచిదని చాలాచోట్ల చెబుతారు. సంతకం లేని ఫోటోకు అది నిజం. సంతకం ఉన్నదానికి మేం కాగితం మడత కవరే ఎంచుకుంటాం. పాలిస్టర్‌కు మన పొడి వేసవిలో స్థిర విద్యుత్తు బాగా పుడుతుంది, పెళుసుగా ఉన్న సిరా పెళ్ళను అది లాక్కుంటుంది. వానాకాలంలో ఉబ్బిన జెలటిన్ దానికి అంటుకునే భయమూ ఉంది. కాబట్టి ఆమ్లం లేని, ఫోటో భద్రతా పరీక్ష దాటినట్టు అమ్మేవాళ్ళు రాసిచ్చే మందపాటి కాగితం తెప్పించి, నాలుగు రెక్కల కవరు చేసుకోండి. 11 బై 16.5 ఫోటోకు మధ్య చదరం 11.6 బై 17.1 ఉండాలి, అంటే ప్రతి అంచుకూ 3 మి.మీ. వదులు. నాలుగు వైపులా రెక్కలు మధ్యదాకా మడవాలి. జిగురు ఎక్కడా పెట్టకండి. పుస్తకాలు కుట్టేవాళ్ళు వాడే మైదా పిండి జిగురులో పురుగుల కోసం మైలతుత్తం కలుపుతారు. అందులోని రాగి వెండి బొమ్మకు చేటు. వివరాలు రాయాలంటే ఫోటో పెట్టకముందే కవరు మీద పెన్సిలుతో రాయండి, లోపల ఫోటో ఉండగా ఒత్తితే అచ్చు పడుతుంది.

కవరును గట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టి, పక్కన చిన్న డిజిటల్ తేమ మీటరు ఉంచండి. సిలికా జెల్ ఏడాది పొడుగునా వద్దు, వేసవిలో అది ఉన్న కాస్త తేమనూ లాగేస్తుంది. మీటరు 55 శాతం దాటిన నెలల్లోనే, అదీ గాలి చొరబడని డబ్బాలో వేసిన పెట్టెకు మాత్రమే, గుడ్డ సంచిలో కట్టి పెట్టండి. 40 శాతానికి దిగగానే తీసేయండి. రంగు మారిన గింజలను 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి.

గోడకు పెట్టాలనుకుంటే

గోడ మీద కాపీ పెట్టడమే మా గట్టి సలహా. బొమ్మలోని వెండి వెలుతురును చాలా ఏళ్ళు తట్టుకుంటుంది, సిరా తట్టుకోదు. స్కానరు మీద రెండు వైపులా స్కాన్ చేయండి. పోస్టుకార్డు సైజుకు 1200 డీపీఐ (అంగుళానికి చుక్కలు), క్యాబినెట్ కార్డుకు 600 డీపీఐ, రంగుల్లో, టిఫ్ ఫైలుగా. పోస్టుకార్డు ఫైలు సుమారు 80 ఎంబీ వస్తుంది. ఫోటో వంగి ఉంటే స్కానరు మూతతో నొక్కకండి, కెమెరాతో పైనుంచి తీయించండి. స్టూడియోకు ఫైలు ఇవ్వండి, ఫోటో ఇవ్వకండి.

అసలుదే పెట్టాలంటే ఏడాదికి మూడు నాలుగు నెలలకు మించకుండా, ఎండ తగలని గోడకు పెట్టండి. ఫ్రేము అంగడి వాళ్ళకు ఇవి ముందే చెప్పాలి: వెనక ప్లైవుడ్, హార్డ్‌బోర్డ్ ఫోటోకు తగలకూడదు. సెలో టేపు, డబుల్ టేపు అసలు వద్దు. ఫోటోను పట్టేవి కాగితం మడిచిన నాలుగు మూల జేబులు మాత్రమే. ముందు నూలు గుజ్జు అట్టతో 3 మి.మీ. మందం కిటికీ (ఫోటో కనబడేలా మధ్యలో కోసిన చట్రం) పెట్టించండి, అద్దం ఫోటోను తాకకుండా ఆ మందమే కాపాడుతుంది. స్టూడియో అట్ట అడుగున సంతకం ఉంటే కిటికీని దానిదాకా కోయించండి. అందం కోసం సంతకం మీద అట్ట వేస్తే, సిరా ఉన్న చోటే ఒరిపిడి పడుతుంది. యూవీ అడ్డే అద్దం తీసుకోండి, అక్రిలిక్ షీటుకు స్థిర విద్యుత్తు ఎక్కువ. ఫ్రేము వెనక కింది మూలల్లో రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది.

ఇప్పటికే పాత ఫ్రేములో అద్దానికి అంటుకుని ఉంటే లాగకండి, వేడి చేయకండి, నీళ్ళు పెట్టకండి. అద్దంతో సహా పైనుంచి కెమెరాతో ఒక చిత్రం తీసుకుని, అద్దంతోనే గట్టి అట్టల మధ్య పెట్టి కాగితం మరమ్మత్తు తెలిసిన నిపుణుల దగ్గరికి తీసుకుపోండి. అనంతపురం వాళ్ళకు బెంగుళూరులో ఇంటాక్ అనే వారసత్వ సంస్థ సంరక్షణ కేంద్రం దగ్గర, కర్నూలు వాళ్ళకు హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది. ముందు ఫోనులో అడిగి, బయటివాళ్ళ పని తీసుకుంటారో లేదో తెలుసుకుని బయలుదేరండి. ఎండాకాలం మూసిన కారులో ఫోటోను వదిలి భోజనానికి దిగొద్దు. కారులో వేడి బయటికన్నా చాలా ఎక్కువ ఉంటుంది, ఫోటో అరగంటలోనే వంగిపోగలదు.

వాన నీటికి తడిసిపోతే సంతకం పైకి ఉండేలా నైలాన్ వల మీద పడుకోబెట్టి నీడలో ఆరనివ్వండి. ఫ్యాను గదిలో తిరగొచ్చు, గాలి నేరుగా తగలకూడదు. ముఖం మీద బ్లాటింగు కాగితం అద్దకండి, సిరా దానికి పోతుంది. తడి రెండు రోజులు దాటి ఉంటే బూజు మొదలవుతుంది, కాబట్టి ఆరాక పెట్టాలనుకునే చోటు పొడిగా ఉందో లేదో మీటరుతో చూసుకున్నాకే లోపల పెట్టండి.

అమ్మదలచి విదేశానికి పంపాలంటే ఇంకో సంగతి. నూరేళ్ళు దాటిన కళావస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి రావచ్చు. మీ ఫోటో ఆ వయసుదైతే, పార్సిలు కట్టకముందే భారత పురావస్తు సర్వేక్షణ శాఖ దగ్గర అది చట్టం కిందికి రాదన్న ధ్రువపత్రం గురించి విచారించండి. లేకపోతే కస్టమ్స్ దగ్గర ఆగిపోయి, గోదాములో ఏ వేడిలో ఎన్నాళ్ళు ఉంటుందో మీ చేతుల్లో ఉండదు.